వికీమీడియా కామన్స్: చాలా ఏళ్లుగా ఫోటోలు ఎక్కిస్తున్నవాడి మాట

గుళ్లు, కోటలు, చెరువులు, పిట్టలు... వేటినైనా శ్రద్ధగా ఫోటోలు తీసే తెలుగువాళ్లు వికీమీడియా కామన్స్‌లో చేరాలని నా గట్టి కోరిక. 2004లో మొదలైన ఈ చిత్రభాండాగారం అన్ని భాషల వికీపీడియాలకూ ఉమ్మడి ఆస్తి. ఇక్కడ లైకుల లెక్క ఉండదు. ఫోటో పేజీలో కిందికి వెళితే అది ఏ భాషలో, ఏ వ్యాసంలో వాడుకలో ఉందో కనిపిస్తుంది. రామప్ప గుడి మదనిక శిల్పానికి నేను తీసిన ఫోటో, నాకు చదవడమే రాని లిపిలో ఉన్న వ్యాసంలో కనబడినప్పుడు కలిగిన సంతోషం మరే వేదికా ఇవ్వలేదు.

లైసెన్సు షరతులు మాత్రం నిదానంగా చదివాకే చేరండి. సాధారణంగా ఎంచుకునేది క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0. మీ పేరు చెప్పి, మార్పులు చేస్తే ఆ రూపాన్నీ అదే లైసెన్సు కింద ఇచ్చేవారు ఎవరైనా మీ ఫోటోను వాడుకోవచ్చు, క్యాలెండరు వేసి అమ్ముకోవచ్చు కూడా. 'వ్యాపారానికి వాడకూడదు' అనే షరతును కామన్స్ ఒప్పుకోదు. ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోలేం. ఒక పత్రిక నా ఫోటోను పేరు లేకుండానే వేసుకుంది. అలాంటప్పుడు అడగవలసింది మనమే, కామన్స్ మన తరఫున పోరాడదు. ఇంట్లోవాళ్ల ఫోటోలకు ఇది తగిన చోటు కాదు.

ఏవి పెట్టవచ్చన్న విషయంలో మన 1957 కాపీరైట్ చట్టాన్ని ఇక్కడ అక్షరాలా పాటిస్తారు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన ట్యాంక్‌బండ్ విగ్రహాలకు ఇబ్బంది లేదు. నేటి చిత్రకారులు నగరం గోడల మీద వేసిన బొమ్మలకు ఆ మినహాయింపు వర్తించదు. లేపాక్షి పైకప్పు చిత్రాలు పదహారో శతాబ్దానివి కాబట్టి నిశ్చింతగా తీసి పెట్టవచ్చు. సినిమా పోస్టర్లను, నెట్‌లో దొరికిన బొమ్మలను తొలగిస్తారు. ఈ కచ్చితత్వం కొందరికి చిరాకు తెప్పిస్తుంది కానీ, కామన్స్‌లోని ఫోటోను ధైర్యంగా వాడుకోగలుగుతున్నామంటే కారణం ఇదే.

ఫోటోగ్రఫీ నేర్చుకునేవారికి అసలు లాభం 'నాణ్యమైన చిత్రాల' పరిశీలనలో ఉంది. కనీసం 2 మెగాపిక్సెళ్లున్న మీ సొంత ఫోటోను ప్రతిపాదిస్తే, తోటి వాడుకరులు నిండు పరిమాణంలో చూసి అభిప్రాయం చెబుతారు. గోపురాన్ని కింది నుంచి తీస్తే నిలువు గీతలు లోపలికి వాలతాయి. ఆ వాలును వాళ్లు అసలు వదలరు. నీడల్లోని రంగు మచ్చలను, అంచుల్లోని ఊదారంగు గీతను ఒక్క వాక్యంలో ముక్కుసూటిగా ఎత్తిచూపుతారు. మెత్తటి మాటలు ఆశించేవారికి కష్టమే. నాకు మాత్రం ఈ పరిశీలన పొగడ్తల కన్నా ఎక్కువ నేర్పింది.

తెలుగులో శీర్షిక, వివరణ రాసుకోవచ్చు. ఫోటోలను విషయాన్ని బట్టి చేర్చే వర్గాల (కేటగిరీల) పేర్లు మాత్రం దాదాపుగా ఇంగ్లీషులోనే ఉంటాయి. సరైన వర్గం వెతకడానికే కొత్తవారికి చాలా సమయం పడుతుంది. సందేహాలుంటే తెలుగు వికీపీడియా రచ్చబండలో (అందరూ చర్చించుకునే పేజీలో) అడగండి, తెలుగులోనే జవాబిస్తారు.

మొదట మీ మండలంలోని ఊళ్ల పేర్లతో కామన్స్‌లో వెతకండి. బడి, చెరువు, పాత గుడి, రైల్వే స్టేషను లాంటివాటిలో ఫోటో లేనివి ఏవో చూసుకుని అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఎక్కించేటప్పుడు పరిమాణం తగ్గించకండి, ఫోటో మీద మీ పేరు ముద్రించకండి.