ఆపరేషన్ థియేటర్‌లో ఏ కెమెరా మేలు?

ఒంగోలులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో 12 ఏళ్లుగా స్క్రబ్ నర్సుగా, అంటే ఆపరేషన్‌లో డాక్టరుకు పరికరాలు అందించే నర్సుగా చేస్తున్నా. మొన్న మా డాక్టరు గారు, "థియేటర్‌లో రికార్డింగ్ పెట్టిద్దామనుకుంటున్నా, స్కోప్ వీడియో చాలా, గది మొత్తం తీయాలా? నువ్వేమంటావమ్మా?" అని అడిగారు.

స్కోప్ వీడియోకు కొత్తగా కొనేదేం లేదు. స్కోప్ అంటే చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్‌లో బొడ్డు దగ్గర లోపలికి పోయే కెమెరా గొట్టమే, దాని తెర ఉండే టవర్ మీద బటన్ నొక్కడమే. గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసే కేసులో గొట్టాలకు క్లిప్ వేసి కోసేముందు కొవ్వంతా విడదీసి, ఆ తిత్తిలోకి పోయే గొట్టాలు రెండే అని కళ్లారా చూసుకోవాలి. తొందరపడితే సీబీడీ, అంటే కాలేయం నుంచి పేగుకు పిత్తం మోసే పెద్ద గొట్టం తెగుతుంది, ఆ పేషెంటు బతుకు ఆసుపత్రుల చుట్టూనే. ఆ రెండు నిమిషాల వీడియో చాలు, నేర్చుకునే డాక్టరుకు గంట పాఠం అక్కర్లేదు. అమెరికాలో మిషిగన్‌లో 20 మంది బరువు తగ్గించే సర్జరీల డాక్టర్లు తలా ఒక వీడియో ఇస్తే, చేసిందెవరో తెలియకుండా తోటి సర్జన్లు మార్కులు వేశారు. 2013లో ఫలితాలు వచ్చాయి: అడుగున ఉన్నవాళ్ల పేషెంట్లలో 14.5 శాతం మందికి ఇబ్బందులు, పైనున్నవాళ్ల దగ్గర 5.2 శాతమే.

ఒక చిక్కుంది. స్కోప్ బయటికి తీసి తుడిచేటప్పుడు పేషెంటు ముఖమూ, మా ముఖాలూ పడతాయి. ఆ ముక్క కోసేయాలి.

గది మొత్తం తీయడమంటే టొరంటోలో డాక్టర్ గ్రాంట్‌చరోవ్ బృందం తెచ్చిన బ్లాక్ బాక్స్ లాంటిది. వీడియో, మాటలు, మానిటర్ అంకెలు అన్నీ కలిపి దాస్తుంది. పొట్ట తెరిచిన ఓ కేసులో, లోపల రక్తం అద్దే గుడ్డలు (మాపులు) లెక్కపెడితే మాకు 10కి 9 వచ్చాయి. సార్ అప్పటికే కుట్లకు దారం అడుగుతున్నారు. "సార్, ఆగండి" అన్నా. కసిరారు. బకెట్‌లో రెండు మాపులు రక్తంతో అతుక్కుని ఒకటిగా ఉన్నాయి. కెమెరా ఉంటే ఆ కసురు ఉండేది కాదేమో. కానీ ఆ వీడియో చూసేది యజమాని అయితే, నేనూ "ఆగండి" అనడానికి రెండుసార్లు ఆలోచిస్తా.

ఇక ఆపరేషన్‌లో ఏదీ మరవకుండా చూసుకునే కాగితం చెక్‌లిస్ట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చింది, 19 అంశాలు. ఢిల్లీతో సహా 8 నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. మా దగ్గర మాత్రం కేసయ్యాక టీ తాగుతూ టిక్కులు పెడతాం. మాపుల లెక్క పైకి చదివించేది ఆ కాగితమే గదా, ముందు దాన్ని సరిచేసుకోవాలి.

డాక్టరు గారికి అదే చెప్పా: చెక్‌లిస్ట్ నోటితో చదువుదాం, స్కోప్ రికార్డు రేపే మొదలుపెడదాం, పేషెంటుకు తెలుగులో రాసిన కాగితం చదివి వినిపించి సంతకం తీసుకుందాం. గది కెమెరా సంగతి, ఎవరు చూస్తారో, ఎన్నాళ్లకు చెరిపేస్తారో రాసిచ్చాక చూద్దాం.

పెన్‌డ్రైవ్ వచ్చింది. అది ఎవరి బీరువాలో ఉండాలో మాత్రం ఇంకా తేలలేదు.