రోహిణికి మారుపేరు బ్యాకప్: డీఎన్‌ఎస్‌మాస్క్‌తో సర్వర్లకు పేర్లు

సర్వర్ ఏ పని చేస్తుంటే ఆ పనినే దానికి పేరుగా పెట్టడం చాలామందికి అలవాటు. మెయిల్ నడిపేది మెయిల్, బ్యాకప్ దాచేది బ్యాకప్. ఏడాది తిరిగేసరికి బ్యాకప్ ఇంకో మెషీన్ మీదికి వెళ్తుంది, పాతదాని మీద టెస్ట్ డేటాబేస్ ఎక్కుతుంది, పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ పేరు చూసి పనిచేసే స్క్రిప్టు ఏదైనా తప్పు డిస్కు మీద పడుతుంది. దీనికి సరైన విరుగుడు ఒకటే: మెషీన్‌కి దాని పనితో సంబంధం లేని పేరు ఒకటి పెట్టి, అది పాతసామానుకి పోయేదాకా మార్చకుండా ఉంచాలి. పనిని మారుపేరుగా తగిలించాలి. ఇంట్లోనూ, ఇరవై ముప్పై మెషీన్లున్న ఆఫీసులోనూ ఈ పద్ధతిని తేలిగ్గా నడిపించే సాఫ్ట్‌వేర్ డీఎన్‌ఎస్‌మాస్క్.

సైమన్ కెల్లీ రాసిన ఈ ప్రోగ్రాం ఉచితం. పేర్లు చెప్పే డీఎన్‌ఎస్, అడ్రసులిచ్చే డీహెచ్‌సీపీ రెండూ ఇందులోనే ఉంటాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే రౌటర్లలో డిఫాల్టుగా ఇదే వస్తుంది, ప్రకటనల్ని అడ్డుకునే పై-హోల్ లోపల నడిచేదీ దీని రూపమే. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ మీద హాయిగా నడుస్తుంది. ఉబుంటులో మాత్రం పెట్టగానే మొరాయిస్తుంది, ఎందుకంటే డీఎన్‌ఎస్ వాడే 53వ పోర్టును ఉబుంటు సొంత పేర్ల సర్వీసు సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అప్పటికే పట్టుకుని ఉంటుంది. దాని సెట్టింగుల్లో స్టబ్ లిజనర్‌ని ఆపేసి రీస్టార్ట్ చేస్తే దారి వదులుతుంది.

ముందు పేర్ల సంగతి. ఇంటర్నెట్ పద్ధతుల్ని రాసిపెట్టే పత్రాల్ని ఆర్‌ఎఫ్‌సీలంటారు. 1990లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1178 కంప్యూటర్‌కి పేరెలా ఎంచుకోవాలో చెప్పే చిన్న పత్రం. ఒకే కోవకి చెందిన పేర్లు పెట్టమనీ, రెండు రకాలుగా స్పెల్లింగ్ రాయగల పేర్లు వద్దనీ అది చెబుతుంది. ఆ రెండో సలహా మన పేర్లకు మరీ వర్తిస్తుంది. నక్షత్రాలు మంచి కోవ: 27 ఉన్నాయి, అందరికీ తెలిసినవే. కానీ స్వాతిని ఇంగ్లీషులో ఒకరు టీతో రాస్తే ఇంకొకరు టీహెచ్‌తో రాస్తారు. కృత్తికకి మూడు నాలుగు స్పెల్లింగులు, మూలకి రెండు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు ఫోన్‌లో పేరు విన్నవాడు తడుముకోకుండా టైప్ చేయగలగాలి. అందుకు రోహిణి, భరణి పనికొస్తాయి. నదుల్లో పెన్నా, మూసీ బాగుంటాయి, మంజీర, వంశధారల దగ్గర మళ్ళీ అదే తంటా. ఆర్ద్ర లాంటివి అసలు ముట్టుకోవద్దు.

ఇక అమరిక. ఐపీ అడ్రసును ఒక్క చోటే రాయాలి, అది పేర్లకూ ఐపీలకూ పట్టికలాంటి హోస్ట్స్ ఫైల్లో: 192.168.1.20, పక్కన రోహిణి. కాన్ఫిగ్ ఫైల్లో డీహెచ్‌సీపీ-హోస్ట్ లైన్లో మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డు సొంత గుర్తింపు నంబరు), కామా, రోహిణి అంటే చాలు, ఐపీని డీఎన్‌ఎస్‌మాస్క్ హోస్ట్స్ ఫైలు నుంచి తీసుకుంటుంది. పేరును డీహెచ్‌సీపీ లైన్లో మాత్రమే రాసి వదిలేస్తే, మెషీన్ ఆఫ్‌లో ఉండి లీజు (డీహెచ్‌సీపీ కొంతకాలానికి ఇచ్చే అడ్రసు) గడువు తీరాక ఆ పేరే మాయమవుతుంది. రెండు చోట్లా ఐపీ రాసి ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతే ఆ లీజుకి పేరివ్వదు. కారణం లాగ్‌లో స్పష్టంగా రాస్తుంది, చదివే ఓపిక ఉండాలి.

మారుపేరుకి సీనేమ్ లైను. ముందు బ్యాకప్, కామా, తర్వాత రోహిణి, రెండూ డొమైన్‌తో సహా పూర్తిగా రాయాలి. బ్యాకప్ భరణికి మారిన రోజు ఈ ఒక్క లైను మారిస్తే సరి. ఇక్కడ దీని డిఫాల్టు చాలా నచ్చుతుంది: సొంత పేర్లకు టీటీఎల్ (జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే అంకె) సున్నా ఇస్తుంది, అంటే జవాబును దాచుకోవద్దని అడిగినవాళ్ళకి చెబుతుంది. అందుకే మార్పు దాదాపు వెంటనే అందరికీ చేరుతుంది. అయితే నెట్‌వర్క్ మీద అప్పటికే మౌంట్ అయి (తగిలించి) ఉన్న ఫోల్డర్లు పాత ఐపీనే పట్టుకుని ఉంటాయి, వాటిని విప్పి మళ్ళీ మౌంట్ చేయాలి. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌కి మారుపేరు వాడొద్దు. మారుపేరు వెనక మెషీన్ మారగానే మెషీన్‌ని గుర్తుపట్టే హోస్ట్ కీ మారిందని పెద్ద హెచ్చరిక వస్తుంది, ఆ హెచ్చరికని పట్టించుకోకపోవడం అలవాటైతే నిజమైన దాడినీ గుర్తించలేం. మనుషులు లాగిన్ అయ్యేది రోహిణికి, ప్రోగ్రాములు వెతికేది బ్యాకప్‌ని.

హోస్ట్స్ ఫైలు మారిస్తే నడుస్తున్న డీఎన్‌ఎస్‌మాస్క్‌కి, ఫైలు మళ్ళీ చదవమని చెప్పే హెచ్‌యూపీ సిగ్నల్ పంపితే చాలు. కాన్ఫిగ్ ఫైలు మారిస్తే దానితో పని జరగదు, రీస్టార్ట్ చేయాల్సిందే. సీనేమ్ మార్చి సిగ్నల్ పంపి "పని చేయట్లేదే" అని తల పట్టుకునేవాళ్ళు చాలామంది.

ఇంకో మాయదారి లైను ఉంది. డెబియన్, ఉబుంటులు తమ సొంత పేరును హోస్ట్స్ ఫైల్లో 127.0.1.1 పక్కన రాసిపెట్టుకుంటాయి. డీఎన్‌ఎస్‌మాస్క్ ఆ లైనునీ చదివి, తన పేరు అడిగిన ప్రతి మెషీన్‌కీ 127.0.1.1 అని చెబుతుంది. 127తో మొదలయ్యే అడ్రసంటే ఏ మెషీన్‌కైనా తానే, దాంతో అవి తమ తలుపు తామే తడతాయి. ఆ లైన్లో అసలు ఐపీ పెట్టాలి.

పేరు వెనక వచ్చే డొమైన్‌గా డాట్ లోకల్ పెట్టకండి. 2013 నుంచి ఆర్‌ఎఫ్‌సీ 6762 ప్రకారం అది మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌ది (సర్వర్ లేకుండా అందరినీ ఒకేసారి అడిగే పద్ధతి), ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లు మీ సర్వర్‌ని అడగకుండా నెట్‌వర్క్‌లో కేకలేస్తాయి. ఇంటికి హోమ్ డాట్ ఆర్పా సరైనది, దాన్ని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8375 ఇందుకే కేటాయించింది. ఆఫీసుకి కంపెనీ సొంత డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ తీసుకోవడం అన్నిటికంటే మేలు. డాట్ ఇంటర్నల్‌ని కూడా 2024లో డొమైన్ పేర్లని చూసుకునే సంస్థ ఐకాన్ ప్రైవేటు వాడకానికి వదిలింది.

డీహెచ్‌సీపీ ద్వారా రెండో డీఎన్‌ఎస్‌గా 8.8.8.8 ఇవ్వడం మరో సాధారణ తప్పు. మొదటిది పోతేనే రెండోదాన్ని అడుగుతారన్న భరోసా లేదు. అప్పుడప్పుడు గూగుల్‌ని అడిగి, రోహిణి ఎవరో తెలియదన్న జవాబు తెచ్చుకుంటారు. పేర్లు ఒకసారి పలికి ఒకసారి పలకకపోతే ముందు చూడాల్సింది ఇదే.

పదుల్లో వర్చువల్ మెషీన్లు పుట్టి పోతుండే ఆఫీసుకి నక్షత్రాలు చాలవు. అక్కడ ఊరు, ఎన్విరాన్‌మెంట్ (ప్రొడక్షనా, టెస్టా అన్నది), నంబరు కలిపి రాయాలి: హెచ్‌వైడీ, పీఆర్‌డీ, 014. ఊరికి విమానాశ్రయ కోడ్ నమ్మదగింది. 2008లో బేగంపేట నుంచి శంషాబాద్‌కి ప్రయాణికుల విమానాలు తరలినా హైదరాబాద్ కోడ్ హెచ్‌వైడీగానే నిలిచింది. బిల్డింగు, ఫ్లోరు, ప్రాజెక్టు, న్యూ, ఓల్డ్ లాంటివి పేర్లోకి రానివ్వొద్దు. విండోస్ ఉంటే మొత్తం 15 అక్షరాలు దాటకూడదు, విండోస్ పాత పేర్ల పద్ధతి నెట్‌బయాస్ హద్దు అంతే. అండర్‌స్కోర్ వద్దు, హైఫన్ చాలు.

డీఎన్‌ఎస్‌మాస్క్‌కి వెబ్ స్క్రీన్ లేదు, అది కావాలంటే పై-హోల్ పెట్టుకోవచ్చు. మారుపేరు చూపించే అసలు పేరు దీనికి స్వయంగా తెలిసి ఉండాలి, బయటి డీఎన్‌ఎస్ నుంచి వచ్చే పేరుకి సీనేమ్ పెట్టలేం. రెండు కాపీలు నడిపితే లీజులు ఒకదానికొకటి చెప్పుకోవు. కాబట్టి రెండు మూడు ఊళ్ళలో బ్రాంచీలున్నవాళ్ళు, విండోస్ ఖాతాల వ్యవస్థ యాక్టివ్ డైరెక్టరీ నడిపేవాళ్ళు బైండ్ అనే పెద్ద డీఎన్‌ఎస్ సర్వర్ లేదా విండోస్ డీఎన్‌ఎస్‌కే వెళ్ళాలి. మిగతావాళ్ళు దీన్ని నిశ్చింతగా పెట్టుకోవచ్చు. రీస్టార్ట్‌కి ముందు టెస్ట్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి చూడండి, కాన్ఫిగ్‌లో రాత తప్పు ఉంటే లైను నంబరుతో చూపిస్తుంది.