ఆరు పోగుల నూలు దారం: ఏళ్ల తరబడి పూలూ కొండలూ కుట్టిన తర్వాత నా అభిప్రాయం

లచ్చిగా దొరికే ఎంబ్రాయిడరీ నూలు దారంలో ఎన్ని రంగులున్నాయో, అది ఎంత మెరుస్తుందో కుట్టుపని చేసేవారికి నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. యాంకర్ కంపెనీదైనా డీఎంసీ కంపెనీదైనా లచ్చికి 8 మీటర్లు, దారంలో 6 పోగులు అన్న సంగతీ అందరికీ తెలిసినదే. ఎన్నో ఏళ్లుగా ఈ దారంతో చెట్లూ పూలూ కొండలూ కుడుతున్న నాకు ప్రాణప్రదంగా తోచిన గుణం మాత్రం ఒక్కటే. ఆ ఆరు పోగులు ఒకదానితో ఒకటి గట్టిగా మెలిపడి ఉండవు. కావలసినన్ని విడదీసుకోవచ్చు, విడదీసినవాటిని మళ్లీ మనకు నచ్చినట్లు కలుపుకోవచ్చు. కాడకుట్టు, గొలుసుకుట్టు, రన్నింగ్ కుట్టు, పూరేకులా వచ్చే లేజీ డైజీ, చిన్న ముడిలా వచ్చే ఫ్రెంచ్ నాట్ తప్ప మరేమీ రానివారు కూడా ఒక కొండలోయను గుడ్డ మీదికి తేగలరంటే దానికి కారణం ఈ గుణమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే ఈ సమీక్షలో మిగిలిన విషయాల జోలికి పోకుండా పోగుల గురించే రాస్తున్నాను.

కడప పట్టణానికి మూడు వైపులా కొండలే ఉన్నాయి. ఒక పక్క నల్లమల, ఇంకో పక్క పాలకొండలు. దూరపు కొండను పలచని రంగుతోనూ దగ్గరి కొండను చిక్కని రంగుతోనూ చూపడం బొమ్మలు గీసేవారి పద్ధతి. దారంతో అయితే రంగు మార్చకుండా, పోగుల సంఖ్య మార్చడంతోనే ఆ దూరాన్ని తేవచ్చు. వెనుక కొండ అంచును ఒక్క పోగుతో కాడకుట్టు వేసి, మధ్య కొండను రెండు పోగులతో, ముందున్న గుట్టను మూడు పోగులతో కుడితే, ఒకే బూడిద రంగు లచ్చితోనే మూడు దూరాలు కంటికి ఆనుతాయి. పప్పు శనగ చేను కుట్టినప్పుడు ఇది మరింత స్పష్టంగా తెలిసింది. ఆ మొక్క పూలు చిన్నవి, ఊదా కలిసిన గులాబీ రంగువి. చేనుకు ముందు భాగంలో మూడు పోగుల ఫ్రెంచ్ నాట్లు, నడుమ రెండు పోగులవి, గట్టు దగ్గరికి పోయేసరికి ఒక్క పోగువి వేశాను. చేను తనంతట తానే వెనక్కి సాగిపోయింది. ముడి పెద్దది కావాలంటే సూది చుట్టూ ఎక్కువ చుట్లు తిప్పమని చాలామంది నేర్పుతారు. అలా చేస్తే ముడి వదులై పక్కకు వాలుతుంది. చుట్టు ఒక్కటే ఉంచి పోగులు పెంచడం నాకు ఎప్పుడూ మంచి ఫలితాన్నే ఇచ్చింది.

పోగులు తీసే పద్ధతిని ఒక్క మాటలో దాటేయలేను, ఎందుకంటే ఈ దారం మీద వచ్చే ఫిర్యాదులలో ఎక్కువ భాగం అక్కడే పుడుతున్నాయి. మోచేతి నుంచి వేళ్ల చివర వరకు వచ్చే పొడవుకు, అంటే సుమారు 45 సెంటీమీటర్లకు మించి దారం కత్తిరించకూడదు. గుడ్డలోకి పోయి వచ్చిన ప్రతిసారీ దారం కొంత అరుగుతుంది గనుక, పొడవు ఎక్కువైతే చివరి కుట్లు పడేసరికి నూగు లేచి మెరుపు పోతుంది. ఒక చేత్తో దారం కొసను పట్టుకుని, రెండో చేత్తో ఒకే ఒక్క పోగును నిటారుగా పైకి లాగాలి. మిగిలిన అయిదూ వేళ్ల కింద కుచ్చులాగా ముడుచుకుంటాయి గాని చిక్కుపడవు. రెండు పోగులు కావలసి వచ్చినా రెండింటినీ ఒకేసారి లాగకుండా, ఒక్కొక్కటిగా తీసి పక్కపక్కన పెట్టి కలుపుకోవాలి. ఇలా విడదీసి కలిపిన పోగులలో మెలిక సడలి, అవి గుడ్డ మీద పరుచుకుని పడుకుంటాయి. ఆకు నింపేటప్పుడు అడుగు గుడ్డ కనపడదు. ఒక్క పోగుకు 9 లేదా 10 నంబరు సూది, రెండు మూడు పోగులకు 7 లేదా 8 నంబరు సూది నాకు అనుకూలంగా ఉన్నాయి. సూది నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుందన్నది కొత్తవారు గుర్తుంచుకోవాలి.

ఈ పోగుల మెరుపు వెనుక ఒక పాత కథ ఉంది. 1844లో ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ నూలును కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే పీచు ఉబ్బి, గట్టిపడి, రంగును బాగా పట్టుకుంటుందని కనుగొన్నాడు. 1890 ప్రాంతంలో హొరేస్ లోవ్ అదే పని నూలును బిగువుగా లాగి ఉంచి చేసినప్పుడు పట్టును తలపించే మెరుపు వచ్చింది. కుట్టేవారికి ఇందులో పనికివచ్చే సంగతి ఏమిటంటే, ఆ మెరుపు పోగు పరుచుకున్న దిక్కును బట్టి మారుతుంది. ఒకే పచ్చ దారంతో ఆకు ఎడమ సగాన్ని ఒక వాలులోనూ కుడి సగాన్ని ఎదురు వాలులోనూ శాటిన్ కుట్టు, అంటే పక్కపక్కనే ఆనించి నింపే కుట్టు, వేసి చూడండి. రెండు పచ్చలు వాడారేమో అనిపిస్తుంది.

ఇవన్నీ నేను క్రమంగా నేర్చుకున్న విషయాలు. ఈ దారం నన్ను నిజంగా ఆశ్చర్యపరచింది గండికోట కుట్టినప్పుడు.

జమ్మలమడుగుకు దగ్గరలో పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుని సాగిన ఆ లోయ మా జిల్లావారికి కొత్త కాదు. అక్కడి రాతి గోడ ఒకే బండగా ఉండదు. అడ్డంగా పొర మీద పొర, మధ్య మధ్య నిలువు చీలికలు, పొరల అంచులు విరిగి ముందుకు పొడుచుకు వచ్చిన బండలు. దాని రంగు ఇంకా కష్టం. ఇటుక ఎరుపని అనుకున్న చోటికి ఆనుకునే బెల్లం రంగు ఉంటుంది, నీడ పడిన పొర వక్కపొడి రంగులోకి తిరుగుతుంది, పొద్దు వాలేకొద్దీ ఇవన్నీ మారిపోతాయి. మొదట లోయ ఎడమ గోడను ఇటుక రంగు దారం రెండు పోగులతో, పొరలను అనుసరించి అడ్డపు గీత కుట్లతో, అంటే విడివిడిగా వేసే సూటి కుట్లతో, నింపాను. కుట్లు శుభ్రంగానే పడ్డాయి గాని రాయి రాలేదు. ఎర్రని గుడ్డముక్క అతికించిన పాటి లోతు కూడా కనపడలేదు.

కుడి గోడ మొదలుపెట్టేసరికి ఇటుక రంగు లచ్చి చివరికి వచ్చింది. లచ్చి పట్టీ మీద ఉండే ఆ రంగు సంఖ్య గల దారం ప్రొద్దుటూరులో నేను ఎప్పుడూ కొనే దుకాణంలో అయిపోయింది, తెప్పించడానికి కొన్నాళ్లు పడుతుందన్నారు. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవాలని ఇటుక రంగు నుంచి ఒక పోగూ, వక్కపొడి రంగు నుంచి ఒక పోగూ తీసి, రెండింటినీ ఒకే సూదికి ఎక్కించాను. ఒక పొర పూర్తయ్యేసరికే ఏం జరుగుతోందో అర్థమైంది. సూదిలో రెండు పోగులు ఎప్పుడూ ఒకే వరుసలో నిలవవు. కుట్టే కొద్దీ దారం కొంచెం కొంచెం తిరుగుతూ ఉంటుంది గనుక ఒక కుట్టులో ఇటుక రంగు పైకి వస్తుంది, మరో కుట్టులో వక్కపొడి రంగు వస్తుంది, కొన్నిటిలో రెండూ పక్కపక్కన పడతాయి. ఏ రెండు కుట్లూ ఒకేలా ఉండవు. నేను పూనుకుని ఎంత ఆలోచించి రంగులు మార్చినా రాని ఆ చెదురు రంగు, రాతికి సహజంగా ఉండే ఆ చెదురు రంగు, దారం తనంతట తానే తెచ్చిపెట్టింది.

తర్వాత నుంచి లచ్చులు లెక్కించే తీరే మారిపోయింది. రెండేసి పోగులతో కుట్టేటప్పుడు రెండు లచ్చులంటే రెండు రంగులు కావు, కలయికతో కలిపి మూడు. మూడు లచ్చులుంటే ఆరు, నాలుగుంటే పది. మూడేసి పోగులు వాడితే, రెండు లచ్చులతోనే ఒక రంగు నుంచి ఇంకో రంగుకు నాలుగు మెట్లలో దిగవచ్చు: మూడూ ఇటుక, రెండు ఇటుక ఒకటి వక్కపొడి, ఒకటి ఇటుక రెండు వక్కపొడి, మూడూ వక్కపొడి. కొత్త కుట్టు ఏదీ నేర్చుకోనక్కరలేదు. సాదా గీత కుట్టే, నీడలోకి నెమ్మదిగా జారుతుంది. ఎడమ గోడను విప్పకుండా దాని మీదనే అక్కడక్కడ ఒక్క పోగు వక్కపొడి రంగుతో చీలికలు గీశాను. అది ఎండ పడిన గోడగా, కుడివైపుది నీడ గోడగా కుదిరాయి. నది నీటికి మాత్రం ఒక్క పోగు బూడిద నీలంతో రన్నింగ్ కుట్టు వేసి, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఖాళీలను నీటి మీది వెలుగుకు వదిలేశాను. మా అత్తమ్మ గుమ్మంలో నుంచే చూసి, "ఇది గండికోట ఏరు కదమ్మా" అన్నారు. అప్పటికి కోట గోడ గాని జామియా మసీదు మినార్లు గాని కుట్టనే లేదు. రాతిని చూసే ఆమె గుర్తుపట్టారు. నా కుట్టుకు అంతకు మించిన మెప్పు నాకు దొరకలేదు.

పూలకూ ఇదే పద్ధతి బాగా నప్పుతుంది. తంగేడు పూవుకు అయిదు రేకులు. లేజీ డైజీ రేకుల లోపల ముదురు పసుపు, లేత పసుపు ఒక్కో పోగు కలిపి ఒక్కో గీత కుట్టు వేస్తే ముడతలు పడిన రేకు వస్తుంది. మధ్య కేసరాలకు వక్కపొడి రంగు ఒక్క పోగు చాలు. మోదుగకు నారింజ, ఎరుపు కలిపి వంపు తిరిగిన శాటిన్ కుట్టు వేసి, తొడిమ దగ్గర ఒక్క ముదురు గోధుమ పోగును చేర్చాను. కనకాంబరానికి మాత్రం కలయిక నప్పలేదు. ఆ పూవు రంగు అంతటా ఒకే తీరుగా ఉంటుంది గనుక విడి రంగే మేలు.

ఇంత మెచ్చుకున్న గుణానికి కొన్ని హద్దులున్నాయి. అవి వాడకంలో గాని బయటపడలేదు. ఒక్క పోగుతో దూరపు కొండ వస్తుందని పైన రాశాను. గోడకు తగిలించే బొమ్మకు అది నూటికి నూరు పాళ్లూ నిజం. అదే కొండను దిండు గలీబుల మీద కుట్టినప్పుడు, తరచు ఉతుకుతూ రాగా, ఆ ఒక్క పోగు గీత నూగు లేచి, చివరికి అక్కడక్కడ తెగిపోయింది. పక్కనే మూడు పోగులతో వేసిన గుట్ట చెక్కుచెదరలేదు. రంగులు కలిపిన కుట్లకు ఇంకో ఇబ్బంది ఉంది. రెండు పోగులూ ఒకే బిగువుతో పడకపోతే ఒకటి వదులై చిన్న ఉంగరంలా పైకి లేస్తుంది, గాజులకో గోళ్లకో తగులుతుంది. కుట్టు వేసిన ప్రతిసారీ రెండో సూది మొనతో పోగులను సరిచేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది గాని పని వేగం సగానికి పడిపోతుంది. గీత కుట్టును అరసెంటీమీటరుకు మించి పొడవు పోనివ్వకపోవడం కూడా మేలు చేసింది. ఇక పగటి వెలుతురులో అంత చక్కగా విడివడి కనిపించే రంగుల కలయిక, రాత్రి ట్యూబులైటు కింద ఒకే మట్టి రంగుగా కలిసిపోతుంది. బొమ్మను ఎక్కడ తగిలిస్తారో ముందే ఆలోచించుకుని, రాత్రి వెలుతురులో చూసేదైతే రెండు రంగుల మధ్య తేడా ఎక్కువగా ఉండేట్లు ఎంచుకోవడం మంచిది.

మా బోరు నీళ్లు కూడా ఈ దారానికి మిత్రులు కావు. గడుసు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి పోగుల మీద పేరుకుంటాయి, మెరుపు మందగిస్తుంది. నేను బోరు నీళ్లతోనే ఉతికి, ఆఖరి జాడింపుకు మాత్రం శుద్ధి చేసి అమ్మే ప్లాంటు నీళ్లు వాడుతున్నాను. తేడా బాగానే తెలుస్తోంది. ముదురు ఎరుపు విషయంలో మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. రంగు సంఖ్య ఉన్న పట్టీ లేకుండా విడిగా అమ్మే ఎర్ర దారం ఒకసారి తెల్ల గుడ్డకు గులాబీ రంగు అంటించింది. కొత్త ఎరుపు ఏది వచ్చినా ఒక పోగును తడిపి తెల్ల నూలుగుడ్డ మడతలో నొక్కి చూసిన తర్వాతనే మోదుగ పూవుకు వాడుతున్నాను. పట్టీలను పారేయకుండా మిగిలిన దారానికే కట్టి ఉంచుతున్నాను, ఎందుకంటే అదే రంగు మళ్లీ దొరకాలంటే ఆ సంఖ్యే ఆధారం.

కొనమంటారా అని అడిగితే నా జవాబు నా పరిస్థితులను బట్టే ఉంటుందని ముందే చెప్పాలి. నేను పగటి పూట, కిటికీ దగ్గర, తొందర లేకుండా, ఎక్కువగా గోడ బొమ్మలే కుడతాను. అలాంటి పని చేసేవారికి ఈ దారం కన్నా మంచిది నేను చూడలేదు. ముఖ్యంగా చాలా రంగులు కొనే స్తోమత లేనివారు నాలుగు లచ్చులతో మొదలుపెట్టి పోగులు కలుపుకుంటూ పోవచ్చు. గిరాకీకి జాకెట్లు కుట్టి గడువులోపల ఇవ్వవలసినవారికి ఒక్కొక్క పోగూ తీసి సరిచేసుకునే ఓపికా సమయమూ ఉండవు, వారికి మగ్గం పనికి వాడే దారాలే అనుకూలం కావచ్చు. దగ్గరి చూపు తగ్గినవారికి ఒక్క పోగు పని కళ్లకు శ్రమ. దిండు గలీబులు, బల్ల గుడ్డలు, పిల్లల గౌన్లు కుట్టేవారు నేను మెచ్చుకున్న ఒక్క పోగు కొండలను పక్కన పెట్టి, రెండు పోగులకు తగ్గకుండా, కుట్లు పొట్టిగా ఉంచి కుట్టుకోవాలి. మా ఇంట్లో గలీబుల మీద ఇప్పుడు దూరపు కొండ కూడా రెండు పోగులదే; దాని దూరాన్ని లేత బూడిద రంగుతో తెచ్చుకుంటున్నాను.