భాజా నుంచి ఎల్లోరా దాకా: గుహల వెంట ఐదు రోజులు

ఎల్లోరాలో కైలాసమనే రాతి గుడిని ముందుగా చూసినవారికి మిగిలిన గుహలు చిన్నవిగా తోస్తాయి. అందుకే మేము కాలక్రమాన్ని పాటించి, మహారాష్ట్రలోని లోణావాలాలో బస చేసి, దగ్గరలోని భాజాతో మొదలుపెట్టాము.

క్రీ.పూ. 2వ శతాబ్దపు భాజా చైత్యంలో, అంటే బౌద్ధుల ప్రార్థనామందిరంలో, స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి. కొయ్య కట్టడంలో కప్పు బరువుకు గుంజలు పక్కకు జరగకుండా అలా వాల్చి నిలపాలి. కొండను తొలిచినచోట ఆ అవసరమే లేదు. అయినా శిల్పులు తమకు తెలిసిన వడ్రంగాన్నే రాతిలోకి దించారు, పైగా రాతి కప్పు కింద నిజమైన కొయ్య వాసాలు అమర్చారు. తరువాతిదైన కార్లాలో వాసాలు కొయ్యవే, స్తంభాలు మాత్రం నిటారుగా నిలిచాయి. కార్లా గుహ ముందే ఏకవీరాదేవి గుడి ఉన్నందున సెలవు రోజుల్లో రద్దీ ఎక్కువ. ప్రశాంతంగా చూడాలంటే భాజాయే మేలు, మంచినీళ్లు మాత్రం వెంట ఉండాలి.

అక్కడి నుంచి ఛత్రపతి సంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్) చేరి మూడు రాత్రులు ఉన్నాము. ఎల్లోరాకు ఆ ఊరు అనువైనదే గాని, అజంతా సుమారు 100 కిలోమీటర్లు. మాట్లాడుకున్న కారు గంటన్నర ఆలస్యంగా రావడంతో చల్లని ఉదయం రోడ్డుమీదే గడిచిపోయింది. గదులు సాదాసీదాగా ఉన్నా, అజంతాకు దగ్గరలోని ఫర్దాపూర్‌లో ఒక రాత్రి ఉండటమే మంచిదని నా అభిప్రాయం. అక్కడి నుంచి గుహల దాకా నడిచే బస్సుల ఏర్పాటు బాగుంది. సోమవారం అజంతాకు, మంగళవారం ఎల్లోరాకు సెలవు.

అజంతాలో చాలామంది చిత్రాల కోసం 1వ గుహ దగ్గరే ఆగిపోతారు. కానీ అంతకంటే పాతదైన 12వ గుహ కూడా చూడాలి. అది విహారం, అంటే భిక్షువుల నివాసం; అందులో గదులు తప్ప ప్రతిమ లేదు. శతాబ్దాల తరువాతి 1వ గుహలో విహారం వెనుక గోడలోనే గర్భగుడి వెలసి, బుద్ధుడు కొలువయ్యాడు. 10వ గుహలోని స్తూపం నిరాడంబరమైనది, 19వ గుహ స్తూపం మీద బుద్ధుడే నిలుచున్నాడు. నివాసం ఆలయంగా మారిన తీరు, స్తూపం మీదికి బుద్ధుడి ప్రతిమ వచ్చిన తీరు ఈ నాలుగు గుహల్లో కనిపిస్తాయి. 19లో వాసాలు కూడా రాతివే.

ఎల్లోరాలో 10వ గుహ కప్పుకూ అవే రాతి వాసాలు. 8వ శతాబ్దపు కైలాసంలో లోపలికి తొలవడం పోయి, కొండను పైనుంచి కిందికి చెక్కి, నాలుగు వైపులా తిరిగి చూడగల గుడినే వెలికితీశారు. గుహలు పడమటి ముఖంగా ఉన్నందున మధ్యాహ్నం తరువాతి వెలుతురు చాలా బాగుంటుంది. దూరంగా ఉన్న జైన గుహలను ఉదయమే చూసి రావడం మంచిది. మేము చివరికి వదిలేయడంతో 32వ గుహ చేరేసరికి పొద్దు వాలింది, పైఅంతస్తు శిల్పాలు సరిగా చూడలేకపోయాము.