కెనడా వంట పుస్తకాల్లో ఒక్కటే కొనాలంటే ఏది మేలు?

కెనడా వంట పుస్తకం అనగానే మేపుల్ సిరప్పూ సాల్మన్ చేపా గుర్తొస్తాయి. ఇక్కడ పోల్చబోయే మూడింటికీ ఆ గొడవే లేదు. రాసిన ముగ్గురిదీ టొరంటోనే, చూపు మాత్రం బయటి ప్రపంచం మీద. నయోమి డుగిడ్ ‘టేస్ట్ ఆఫ్ పర్షియా’ (2016), జెన్నిఫర్ మెక్‌లాగన్ ‘బిటర్’ (2014) అమెరికాలో వంట రంగానికిచ్చే జేమ్స్ బియర్డ్ అవార్డు తెచ్చుకున్నాయి. జాన్ సాబో ‘వాల్కానిక్ వైన్స్’ (2016)కి బ్రిటన్‌లో తిండీ పానీయాల పుస్తకాలకిచ్చే ఆంద్రే సైమన్ అవార్డు వచ్చింది.

డుగిడ్ ఊళ్లు తిరిగి రాసే మనిషి. ఇరాన్, అర్మేనియా, అజర్‌బైజాన్, జార్జియా, కుర్దిస్తాన్ తిరిగి, ఆ వంటలన్నిటికీ చుట్టరికం ఉందని చూపిస్తుంది. ఊళ్లలో ఫొటోలు కూడా తనే తీసుకుంది. వంటకానికీ వంటకానికీ మధ్య చిన్న చిన్న ప్రయాణ కబుర్లు వస్తుంటాయి. అవి వద్దనుకుంటే దాటేసి నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లొచ్చు. మన వంటింటికి ఈ పుస్తకం అంత పరాయిది కాదు. ఇరానీలు మెంతికూర, కొత్తిమీర కట్టలు కట్టలు వాడతారు. సోయకూర వాళ్లకీ ఇష్టమే. పులుపుకి దానిమ్మ రసాన్ని చిక్కగా మరిగించి పోస్తారు. అన్నం అడుగున ఎర్రగా, కరకరలాడేలా కావాలనే మాడు కట్టిస్తారు, దానికోసం ఇంట్లో పోటీ కూడా పడతారు. మన ఇళ్లలో అదే మాడు కట్టినందుకు తిట్లు తినాల్సి వస్తుంది! ఎండబెట్టిన నిమ్మకాయల్లాంటివి దొరకడం కాస్త కష్టమే గానీ, అవి లేకుండా చేసుకునేవి బోలెడున్నాయి.

మెక్‌లాగన్ దారి వేరు. ఊళ్ల సంగతి పక్కన పెట్టి, ఒకే ఒక్క రుచిని పట్టుకుని దాని అంతు చూస్తుంది. చేదంటే నాలుక ఎందుకు ముడుచుకుంటుంది? మొక్కల్లో చాలా విషాలు చేదుగా ఉంటాయి కాబట్టి. మరి కాఫీ, బీరు, డార్క్ చాక్లెట్ ఎందుకంత ఇష్టం? అలవాటు వల్ల, చుట్టూ ఉన్నవాళ్లను చూసి. గ్రేప్‌ఫ్రూట్ లాంటి వాటిలో చేదు తగ్గించి తియ్యటి రకాలు పెంచడం మీద ఆవిడకి కోపం. కాకరకాయని బెల్లం వేసి లొంగదీసే మనలాంటి వాళ్లం ఈ వాదన ఒకసారి వినాలి. ఇక వంటల విషయానికొస్తే, కొన్ని మరీ విడ్డూరం. పొగాకుతో చేసే తీపి కూడా ఉంది, ఒంగోలు వాళ్లు కూడా ముక్కున వేలేసుకుంటారు. ఎండైవ్, రాడిచియో లాంటి ఆకుకూరలు మన రైతుబజారులో కనపడవు. అందుకే ఇది మంచం మీద చదువుకునే పుస్తకం. అలా చదివితే మూడింటిలోనూ దీన్ని మించింది లేదు.

సాబో సంగతి క్లుప్తంగా చెప్తాను. కెనడాలో మొదటి మాస్టర్ సొమెలియర్ (వైన్ నిపుణులకిచ్చే పెద్ద అర్హత) ఆయనే. గ్రీసులోని శాంటొరిని, ఇటలీలోని ఎట్నా లాంటి అగ్నిపర్వతాల నేలల్లో పండే ద్రాక్షకీ ఆ వైన్ రుచికీ ఉన్న సంబంధం ఆయన విషయం. భూగర్భశాస్త్రం పాలు కాస్త ఎక్కువే. ఆ సీసాలు కొని రుచి చూసే వీలుంటే తప్ప, వర్ణనలు చదువుతూ కూర్చుంటే పెళ్లిభోజనం ఫొటోలు చూసినట్టే ఉంటుంది.

వండుకోవడానికే అయితే నా ఓటు ‘టేస్ట్ ఆఫ్ పర్షియా’కి, అందులో రెండో ఆలోచన లేదు. కూరగాయలు, ఆకుకూరలు, పప్పులు దండిగా ఉన్నాయి కాబట్టి శాకాహారులకీ పనికొస్తుంది. ‘బిటర్’ లైబ్రరీలో దొరికితే తెచ్చుకోండి. వైన్ పుస్తకం విదేశంలో ఉంటూ వైన్ మీద మోజున్న బావగారికి కానుకగా బాగుంటుంది.

మెక్‌లాగన్ పేరు విని ఆవిడదే ‘ఫ్యాట్’ (2008) కొనబోయేవాళ్లకి ఒక మాట. 2009లో జేమ్స్ బియర్డ్ వాళ్లు ఆ ఏటి మేటి వంట పుస్తకంగా ఎంచింది దాన్నే. కానీ అందులో నాలుగు అధ్యాయాలు: వెన్న, పంది కొవ్వు, కోడీ బాతుల కొవ్వు, ఆవూ గొర్రెల కొవ్వు. శాకాహారులకి మిగిలేది మొదటి అధ్యాయం ఒక్కటే.