ఆరోగ్య వైకుంఠపాళి: మూడేళ్లు ఆడించిన తరువాత

సికింద్రాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు సామాన్య శాస్త్రం చెబుతున్నాను. 2022లో బళ్లు తెరిచిన కొత్తలో ఒక సంస్థ పోటీ పెట్టింది. ఆటల ద్వారా పిల్లలకు ఆరోగ్యపు అలవాట్లు నేర్పే ఉపాధ్యాయులకు బహుమతులు ఇస్తామని ప్రకటించింది. పేరు నమోదు చేసుకున్నవారికి నమూనాగా ఒక వైకుంఠపాళి పటం పంపారు. ముద్రించుకునే ఖర్చు మనదే. చదరపు అడుగుకు 12 రూపాయల చొప్పున, ఎనిమిది అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఫ్లెక్స్‌కు 768 రూపాయలు అయింది. ఇప్పుడు మా దగ్గర ఉన్నది మూడో ఫ్లెక్స్. ఆ ఆట మీదా ఆ పోటీ మీదా నాకు కలిగిన అభిప్రాయాలు తోటి ఉపాధ్యాయులకు పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు పటం సంగతి. నేల మీద పరిచి ఆడతాం కాబట్టి పిల్లలే పావులు. గవ్వలు వేసి, పందెం పడినన్ని గడులు నడుస్తారు. నమూనాలో వంద గడులు ఉండేవి. ఎనిమిది అడుగుల్లో వంద గడులంటే ఒక్కోటి పది అంగుళాలు కూడా రాదు. ఒకే గడిలో ఇద్దరు పడితే తోపులాటే. రెండో ఏడాది ఏడు వరుసల్లో 49 గడులకు తగ్గించాను; ఆట కూడా ఒక పీరియడ్‌లో పూర్తవుతోంది. ఫ్లెక్స్‌ను మడత పెట్టకండి, మడతల దగ్గర రంగు రాలిపోతుంది. చాపలా చుట్టి గోడకు ఆనించండి.

అసలు లోపం గడుల సైజులో లేదు, గడుల్లో రాసిన మాటల్లో ఉంది. నమూనా పటంలో 62వ గడిలో పెద్ద పాము ఉండేది. దాని తల మీద "ఉదయం ఏమీ తినకుండా బడికి వచ్చాను" అని రాసి ఉంది. తోక 19లో. మొదటి నెలలోనే ఒక అమ్మాయి ఆ గడిలో పడింది. చురుకైన పిల్ల, అప్పటిదాకా అందరికంటే ముందుంది. రాసింది చదివి, పాము వెంట దిగకుండా అక్కడే నిలబడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు "దిగు, దిగు" అని అరుస్తున్నారు. ఆ పిల్ల నా వైపు చూసి, "నేను నిజంగానే తినలేదు టీచర్" అంది మెల్లగా. వాళ్ల అమ్మ తెల్లవారుజామున అయిదింటికే అపార్ట్‌మెంట్లలో పనికి వెళుతుంది. తమ్ముడికి స్నానం చేయించి, తయారుచేసి, వాడిని తన వెంట బడికి తీసుకొచ్చేది ఈ పిల్లే. ఏం తప్పు చేసిందని పాము ఆమెను మింగాలి? ఆట అక్కడితో ఆపేశాను.

ఆ రాత్రి పటం కాగితం ముందు పెట్టుకుని పాములన్నీ వరుసగా చదివాను. "పాలు తాగలేదు." "రోజూ పండు తినలేదు." "ఇంట్లో నీళ్లు నిల్వ ఉంచాం." పదకొండు పాముల్లో ఆరు పిల్లల చేతిలో లేని సంగతులే. వాటి మీద తెల్ల కాగితాలు అంటించాను. అప్పటి నుంచి ఒక్కటే నియమం పెట్టుకున్నాను. పిల్లలు తమ చేతులతో, పైసా ఖర్చు లేకుండా, ఆ రోజే చేయగలిగిన పనైతేనే దానికి మా పటంలో గడి ఉంటుంది. ఆ పెద్ద పాముకు బదులు ఇప్పుడు నిచ్చెన ఉంది: "ఆకలిగా ఉందని టీచర్‌కు చెప్పాను." నా బల్ల సొరుగులో పల్లీపట్టీల డబ్బా ఉంటుంది. మొదట్లో ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు వారంలో ముగ్గురు నలుగురు వచ్చి అడుగుతారు, సిగ్గుపడకుండా.

నీళ్ల పాము మీద పిల్లలే నాతో వాదించారు. మా బస్తీల్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. డ్రమ్ములో పట్టుకోకపోతే మర్నాడు స్నానం లేదు, వంట లేదు. "పారబోస్తే రేపు ఏం చేయాలి టీచర్?" అని ఒకడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ గడిని "డ్రమ్ముకు గుడ్డ కట్టాను" అని నిచ్చెనగా మార్చాం. పాత చీర ముక్క, ఒక తాడు చాలు.

దోమల గడులే ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టం. రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ అనే రోగి తనను దోమలతో కుట్టించుకుంటే రాస్ అతనికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడని చెప్పినప్పుడు తరగతి అంతా ఊపిరి బిగబట్టి వింది. మలేరియాను మోసే దోమ వేరు, డెంగీని మోసే దోమ వేరు. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, ఇళ్లలో నిల్వ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికి ఒకసారి నీళ్లు ఖాళీ చేయమంటారు.

ఈ మాటలు నేను పదేళ్లుగా పాఠంలో చెబుతూనే ఉన్నాను. ఆటలో "కూలర్ నీళ్లు చూడలేదు" అన్న పాము కరిచిన మర్నాడు ఒక కుర్రాడు పచ్చడి సీసా తెచ్చాడు. ఎండలు తగ్గాక మూలన పెట్టిన కూలర్‌లోని నీళ్లు అవి. నీటి పైపొర నుంచి తోకపురుగులు (దోమ లార్వాలు) తలకిందులుగా వేలాడుతున్నాయి. సీసా కదిపితే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగి, మళ్లీ గాలి కోసం పైకి వస్తున్నాయి. మూతికి గుడ్డ కట్టి కిటికీలో పెట్టాం. నాలుగో రోజుకు గుడ్డ కింద దోమలు వాలి ఉన్నాయి, కాళ్ల మీద తెల్లటి చారలతో. ఆ సీసాను తాకని పిల్ల లేదు. అప్పుడు చెప్పాను, ఈ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయని, నీళ్లు ఒంపేస్తే సరిపోదు, గోడలు రుద్ది కడగాలని. ఆ వారం ఇళ్లలో ఎన్ని కూలర్లు కడిగారో నోటుపుస్తకాల్లో రాసుకొచ్చారు.

మాత్రల గడులు కూడా బాగా పనిచేశాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు కదా, అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది. ఇదివరకు బుగ్గన దాచి, గోడ పక్కన ఉమ్మేసేవారు. "నమిలి మింగాను" అన్న నిచ్చెన పట్టుకుని ఇప్పుడు ఒకరినొకరు నోరు తెరిపించి చూసుకుంటున్నారు. వారం వారం ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, దాంతో భయపడి మానేసేవారు. ఇది మామూలేనని చెప్పే గడి ఒకటి పెట్టాం. భోజనం తరువాత వేసుకోవాలని, వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటబట్టదని మరో గడిలో ఉంది. చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా పిల్లలకు అది రెండు ఎక్కాలు. ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం చదువుతూ సబ్బు రుద్దితేనే నిచ్చెన ఎక్కనిస్తాం.

ఇదే పోటీవారు ఒక ఫోను ఆట కూడా సూచించారు. తరగతిలో 38 మంది, ఫోను నాది ఒక్కటే. అందులో ఏరుకోవలసినవి బ్రోకలీ, స్ట్రాబెర్రీ. గోంగూర లేదు, జామకాయ లేదు, రాగి జావ లేదు. రెండు వారాలకే మానేశాను.

ఇక పోటీ. మొదటి ఏడాది నాకు రెండో బహుమతి వచ్చింది, 5,000 రూపాయలు. ఆ డబ్బుతోనే తరువాతి ఫ్లెక్సులు వేయించాను, కాబట్టి ఆ సంస్థ పట్ల నాకు కృతజ్ఞత ఉంది. ఆ పిలుపే లేకపోతే నేను ఈ పని మొదలుపెట్టేదాన్ని కాదు. కానీ వారు అడిగింది అయిదు ఫొటోలు, రెండు నిమిషాల వీడియో, ఎంతమంది పిల్లలు ఆడారన్న లెక్క. అన్నీ నాలుగు వారాల్లో పంపాలి. నాకు బహుమతి వచ్చింది ఆ అమ్మాయిని నిలబెట్టేసిన పాత పటానికి. రెండో ఏడాది మార్చిన పటం, కూలర్ల లెక్కలు రాసిన నోటుపుస్తకాలు, ఏ పామును ఎందుకు తీసేశామో వివరంగా పంపాను. దరఖాస్తులో వాటికి చోటే లేదన్నారు. ఆటలో ఏం మార్చారు, ఆరు నెలల తరువాత పిల్లల ఇళ్లలో ఏం మిగిలింది అన్న రెండు ప్రశ్నలు చేర్చమని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. నాకు ఇది బాధగానే ఉంది, డబ్బు కోసం కాదు. వందల బడుల్లో ఆ 62వ గడి ఇంకా అలాగే ఉండి ఉంటుంది.

అయినా పాల్గొనండి. నమూనా పటం తెప్పించుకోండి, కానీ ముద్రణకు ఇచ్చే ముందు మీ తరగతిలో అందరికంటే పేద పిల్లను మనసులో ఉంచుకుని ప్రతి పామునూ చదవండి. మొదటి ఏడాది ఫ్లెక్స్ వద్దు, సుద్దముక్కతో నేల మీద గీసి ఆడించండి. గడులు ఎలాగూ మారతాయి. 30 మందికి మించితే రెండు జట్లు చేయండి, లేకపోతే వెనకనున్నవారికి పందెమే రాదు. అయిదో తరగతి లోపు పిల్లలకు చదవడం ఇబ్బంది కనుక గడుల్లో బొమ్మలు వేయించండి.

జూన్‌కు మా నాలుగో ఫ్లెక్స్ వేయించాలి. 31వ గడి ఒక్కటి ఇంకా ఖాళీగా ఉంది. బడి గేటు ముందు అమ్మే రంగు ఐసు అక్కడ పాము కావాలని ఆడపిల్లలు, వద్దని మగపిల్లలు పట్టుబడుతున్నారు. శనివారం చివరి పీరియడ్‌లో ఓటు పెడతాం.