ఇంజంబాక్కంలో చిత్రకారుల ఊరు: ఆగి చూడదగినదేనా?

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, ఇంజంబాక్కంలో ఉన్న చోళమండలం కళాకారుల గ్రామాన్ని మన తెలుగువారిలో చాలామంది గమనించకుండానే దాటిపోతుంటారు. దగ్గర్లోనే పిల్లల కోసం వినోదాల పార్కు, ఇంకాస్త ముందుకు పోతే దక్షిణాది పాత ఇళ్ళనూ చేతిపనులనూ చూపే దక్షిణచిత్ర, ఆపైన పల్లవుల గుళ్ళు ఉండగా, బొమ్మల కోసం ఇక్కడ ఎవరు ఆగుతారన్న ప్రశ్న సహజమే. ఆగవలసిందేనని, అయితే దేనికోసం ఆగుతున్నామో తెలుసుకుని ఆగాలని నా అభిప్రాయం.

ఆ మధ్య విజయవాడ నుంచి వచ్చిన మా బావగారితో కలిసి ఒక టూరు సంస్థ బండిలో వెళ్ళాను. బండిలోని గైడు ఇది ఒకప్పటి హిప్పీల మకామని రెండు ముక్కల్లో పరిచయం చేసి, అరగంటలో తిరిగి రమ్మన్నాడు. పరిచయమూ తప్పే, ఇచ్చిన సమయమూ చాలదు. 1966లో ఈ ఊరు కట్టుకున్నది ఇల్లూ వాకిలీ వదిలిన దేశదిమ్మరులు కారు; మద్రాసు ప్రభుత్వ చిత్రకళా కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు, సహచరులు. ఆ కాలపు మద్రాసులో బొమ్మలు కొనేవారు తక్కువ, ప్రదర్శనశాలలు మరీ తక్కువ. చదువు ముగించిన చిత్రకారుడు పొట్ట గడవడానికి ఏదో ఒక ఉద్యోగంలో చేరి కుంచెను అటకెక్కించడమే అప్పటి ఆనవాయితీ. దానికి ఎదురు తిరగడమే వీరు చేసిన తిరుగుబాటు.

ఆ ఎదురు తిరిగిన పద్ధతి నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచింది. వారు సంఘంగా ఏర్పడి, గుడ్డ మీద మైనంతో గీసి రంగులో ముంచే బాటిక్ పని మొదలైన చేతిపనులు చేసి అమ్మారు. ఆ రాబడితోనే సముద్రపు ఒడ్డున, అప్పటికి ఊరూ పేరూ లేని ఇసుక నేలను కొన్నారు. చేతిపని కూడు పెడితే, చిత్రాన్ని ఎవరి అభిరుచికీ లొంగకుండా గీయవచ్చునన్నది వారి లెక్క. అందుకే, కళాకారుడు డబ్బు విషయం పట్టించుకోనివాడై ఉండాలనే మన పాత నమ్మకానికి ఇక్కడ చోటు లేదు. డబ్బు విషయం బాగా పట్టించుకున్నందువల్లనే ఈ ఊరు నిలిచింది.

చూడవలసిన వాటిలో మొదటిది 2009లో ప్రారంభమైన మద్రాసు ఉద్యమపు మ్యూజియం. పణిక్కర్, ఆయన శిష్యులు, సహచరులు మద్రాసులో తెచ్చిన ఆధునిక కళా ధోరణినే మద్రాసు ఉద్యమం అంటారు. పణిక్కర్ 1963 ప్రాంతంలో మొదలుపెట్టిన ‘పదాలు, సంకేతాలు’ వరుస చిత్రాల దగ్గర తప్పక నిలబడాలి. దూరం నుంచి చూస్తే పాత తాళపత్రమో, ఎవరిదో జాతక చక్రమో గోడకు తగిలించినట్టుంటుంది. దగ్గరకు వెళితే మలయాళ లిపిని పోలిన అక్షరాలు, గణితపు గుర్తులు, గళ్ళు, చిన్న చిన్న జంతువులు బారులు తీరి కనబడతాయి. చదవబోతే ఏదీ చదవబడదు. అర్థం కాలేదని ముందుకు సాగిపోయేవారిని చాలామందిని చూశాను కాని, అర్థం కోసం కాక వరుసల నడక కోసం చూస్తే ఆ చిత్రం మనల్ని కదలనివ్వదు.

లోహపు పనుల విషయంలో మా బావగారు నాకన్నా ముందున్నారు. రేకును సాగగొట్టి, గీతలు లేపి చేసిన ఒక బొమ్మ ముందు ఆగి, “ఇదేమిటయ్యా, గుళ్ళో అమ్మవారి వెండి తొడుగులా ఉంది!” అన్నారు. చిత్రకళ గురించి ఏ పుస్తకమూ చదవని మనిషి అన్న ఆ మాట సరిగ్గా మూలాన్ని తాకింది. పి.వి. జానకిరామ్ వంటి శిల్పులు మూలవిరాట్టులకు వేసే లోహ కవచాల నుంచే ఈ పద్ధతిని తెచ్చుకున్నారు. చుట్టూ తిరిగి చూసే విగ్రహం కాక, దర్శనానికి నిలిచినట్టు ఎదుటి నుంచి మాత్రమే చూసే శిల్పం ఈ ఉద్యమపు ప్రత్యేకత. పణిక్కర్ కుమారుడు ఎస్. నందగోపాల్ రాగి, ఇత్తడి ముక్కలను అతికి ఆ దారినే మరింత ముందుకు తీసుకువెళ్ళారు.

పణిక్కర్ శిష్యుల్లో మన తెలుగు చిత్రకారుడు ఎం. రెడ్డెప్ప నాయుడు కూడా ఉన్నారు. దేవతామూర్తులను గీతల అల్లికలోకి దించిన ఆయన పేరు తెలుగునాట వినబడవలసినంతగా వినబడదు. వెళ్ళేముందు ఆయన చిత్రాలు కొన్నింటిని చూసి ఉంటే, ఇక్కడి మిగతా చిత్రకారుల గీత సులువుగా పట్టుబడుతుంది.

బయట చెట్ల నీడన ఉన్న శిల్పాల తోటలో పిల్లలకు మ్యూజియం కన్నా ఎక్కువ పొద్దు గడుస్తుంది. ఇక గ్రామం విషయానికొస్తే, వీధి వీధినా చిత్రకారులు బొమ్మలు వేస్తూ కనబడతారని ఆశపడితే నిరాశ తప్పదు. ఇక్కడి తొలితరం చిత్రకారుల్లో విశ్వనాథన్, అక్కితం నారాయణన్ ప్యారిస్‌లోను, ఎస్.జి. వాసుదేవ్ బెంగళూరులోను స్థిరపడ్డారు. నందగోపాల్ 2017లో కన్నుమూశారు. ఉన్న ఇళ్ళు సొంత కాపురాలు గనుక, ఫోను కెమెరాతో గేట్లలోంచి తొంగిచూడడం మర్యాద కాదు.

ప్యాకేజీ టూరులో భాగంగా కాకుండా, తిరువాన్మియూర్ నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా పోయే సిటీ బస్సులోనో ఆటోలోనో, వారం మధ్యలో ఉదయం పూట వెళ్ళడం మంచిది. శని, ఆదివారాల్లో మహాబలిపురం వెళ్ళే కార్లతో ఆ రోడ్డు కిక్కిరిసిపోతుంది. కనీసం రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. అంత తీరిక లేకపోతే శిల్పాల తోటను మరోసారికి వదిలి, మ్యూజియం ఒక్కటే నిదానంగా చూడండి.